ఇంటి అలంకరణలో మన గుర్తులు: అటక మీది బిందె నుంచి గోడ మీది కలంకారీ దాకా

మన ఇళ్లు మారుతున్నాయి. హోసూరు, కోయంబత్తూరు, బళ్లారి, బరంపురం, సోలాపూర్, యానాం, ఏ ఊరు చూసినా తాతలు కట్టిన పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. వాటి స్థానంలో రెండు పడకగదుల ఫ్లాట్లు వస్తున్నాయి. పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి మారే ఆ వారం పది రోజుల్లోనే తరాల సామాను పాత ఇనుప సామాను కొట్టుకు చేరిపోతోంది. ఆ తర్వాత కొత్త ఇంటి గోడలు బోసిగా ఉన్నాయని దుకాణాలకు వెళ్లి, ఏ ఊరివో తెలియని బొమ్మలూ పటాలూ కొని తెచ్చుకుంటున్నాం.

మా ఇంట్లోనూ ఇదే జరగబోయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీద నుంచి నల్లబడిన ఇత్తడి బిందె ఒకటి దింపాం. సొట్టలు పడింది, అడుగు కారుతోంది. కిలోల లెక్కన తూకానికి పెట్టాం. తక్కెడలో పెట్టబోయే ముందు దాని మెడ చుట్టూ చుక్కచుక్కలుగా పొడిచిన గీతలు కనిపించాయి. బొటనవేలితో మసి తుడిస్తే తెలుగు అక్షరాలు. మా ముత్తవ్వ పేరు, పుట్టింటివారి ఇంటిపేరు, ఊరి పేరు. ఆమె ఏ ఊరి ఆడపడుచో మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పక్కనే నిలబడ్డ మా పిల్లలకు ఆ అక్షరాలు చదవడం రాలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు.

బిందె తూకానికి వెళ్లలేదు. ఇప్పుడు మా హాల్లో ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఇంటిని అందంగా తీర్చిదిద్దుకోవడం ఎలాగో చెబుతూనే, ఆ అందంలో మనవైన గుర్తులు ఎలా నిలుపుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాం. సొంతింటివారికీ, మేకు కొట్టనివ్వని అద్దె ఇంట్లో ఉన్నవారికీ పనికొచ్చేలా చూశాం.

ముందు ఉన్నవాటి లెక్క

కొత్తది కొనేముందు ఇంట్లో ఏమేం ఉన్నాయో చూడండి. అటక, మంచం కింద, పెరటి గది, ఊళ్లో ఉన్న పాత ఇల్లు, అన్నీ వెతకాలి. సాధారణంగా దొరికేవి ఇవి: బిందెలు, గంగాళం, చెంబులు, గుండిగలు, దీపపు సెమ్మెలు, పీటలు, కవ్వం, తిరగలి, రోలు, భోషాణం, చిలకకొయ్యలు, పాత ద్వారబంధం, పెళ్లినాటి పట్టుచీరలు, శుభలేఖలు, ఉత్తరాలు, ఫొటోలు.

వీటిని మూడు భాగాలు చేయండి. ఇంకా వాడుకోగలిగినవి ఒకటి, వాడకపోయినా చూపులో ఉంచదగినవి రెండు, బంధువులకు ఇవ్వదగినవి మూడు. అమ్మేవి ఏవైనా ఉంటే చివర్లో తేల్చుకోవచ్చు. అమ్మేముందు ప్రతి పాత్ర మెడనూ, అంచునూ, అడుగునూ ఒక్కసారి తడిమి చూడండి. మన ఇళ్లలో పాత్రల మీద పేర్లు చెక్కించడం పాత అలవాటు. పెళ్లికి పెట్టిన సారె పాత్రల మీద ఇచ్చినవారి పేరో, పుచ్చుకున్నవారి పేరో ఉంటుంది. చాలా ఇళ్లలో కుటుంబ చరిత్రకు మిగిలిన రాతపూర్వక ఆధారం అదొక్కటే.

అక్షరాలు అరిగిపోయి చదవడానికి రాకపోతే, పలుచని తెల్లకాగితం వాటి మీద గట్టిగా పట్టి మెత్తటి పెన్సిల్‌ను పక్కవాటుగా రుద్దండి. పొడిచిన చుక్కలు తెల్లగా తేలతాయి. ఆ కాగితాన్నే ఫ్రేము కట్టించి పాత్ర పక్కన పెట్టవచ్చు.

ఇత్తడి, రాగి, కంచు

ఇత్తడికి చింతపండు, ఉప్పు చాలు. కొద్దిసేపు పట్టించి, మెత్తటి గుడ్డతో రుద్ది, మంచినీళ్లతో బాగా కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టాలి. నీటి తడి ఉండిపోతే మచ్చలు పడతాయి. ఘాటైన ఆసిడ్లు, ఇనుప పీచు వాడితే అక్షరాలు అరిగిపోతాయి. పేర్లున్న చోట అసలు మెరుపు కోసం పాకులాడకండి. నల్లదనం అక్షరాల్లో నిలిస్తేనే చదవడానికి వీలు.

గంగాళంలో నీళ్లు పోసి పూలు వేసి వాకిట్లో పెట్టడం అందరికీ తెలిసిందే. కారే బిందెలో నీళ్లు పోయలేం కాబట్టి లోపల ప్లాస్టిక్ కుండీ దించి మొక్క పెట్టుకోవచ్చు. కళాయి పోయిన ఇత్తడి పాత్రల్లో పులుపు వంటలు చేయకూడదు. వాటిని అలంకరణకే ఉంచాలి, లేదా కళాయి వేయించి వాడుకోవాలి.

బీదర్ ప్రాంతం మనవారి ఇళ్లలో బిద్రీ పాత్రలు ఉండవచ్చు. జస్తం, రాగి కలిపిన లోహం మీద వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచే పని అది. దానికి చింతపండు తగలనివ్వకండి, నలుపు పోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

చెక్క సామాను

పాత టేకు ద్వారబంధం కొత్త ఫ్లాటులో తలుపుగా పట్టకపోవచ్చు. కానీ దాన్నే గోడకు ఆనించి లోపల అద్దం బిగిస్తే హాలు పెద్దదిగా కనిపిస్తుంది. గడప చెక్కను షెల్ఫుగా, చిలకకొయ్యలను సంచులు, తాళాలు తగిలించుకోవడానికి వాడవచ్చు. భోషాణం మీద పరుపు వేస్తే కూర్చునే బల్ల అవుతుంది, లోపల దుప్పట్లు పడతాయి. రెండు మూడు పీటలను ఎత్తు తేడాలతో పేర్చితే మొక్కలకు మెట్లు అవుతాయి.

ఇంట్లోకి తెచ్చేముందు చెదలు, పురుగు ఉన్నాయేమో చూడాలి. చెక్క మీద సన్నని బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు ఉన్నట్టే. మందు వేయించి, ఎండకు పెట్టాకే లోపలికి తేవాలి. పాత రంగు గీకించాక అవిసె నూనె పట్టిస్తే చెక్క గీతలు తేలి అందంగా ఉంటుంది. ఒక జాగ్రత్త: అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట ఆరేయాలి.

యానాంలోనూ, చెన్నై వంటి సముద్రతీరపు ఊళ్లలోనూ గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. అక్కడ చెక్క సామాను గోడకు అంటకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి. ఇనుప మేకులకు బదులు ఇత్తడి లేదా స్టీలు మరలు వాడాలి.

గోడకు ఏం పెట్టాలి

గోడ నింపడానికి పది చిన్న పటాల కన్నా ఒక పెద్ద పటం మేలు. సోఫా పైన పెట్టే పటం సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులు ఉంటే కంటికి నిండుగా ఉంటుంది. పటం మధ్యభాగం నేలకు సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. చాలామంది అంతకన్నా పైన తగిలించి మెడలు నొప్పి పుట్టిస్తారు.

ఏం పెట్టాలన్న ప్రశ్నకు మన చేతిపనుల్లోనే కావలసినంత జవాబు ఉంది.

శ్రీకాళహస్తి కలంకారీ: వెదురు పుల్ల చివర గుడ్డో ఊలో చుట్టి, దాన్నే కలంగా పట్టి చేత్తో గీసే బొమ్మలు. బట్టను ముందు కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు. నల్ల గీతకు వాడే కసిమిని ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో పులియబెట్టి చేస్తారు. రామాయణ, భారత కథలు దీని ప్రత్యేకత.

మచిలీపట్నం కలంకారీ: చెక్క అచ్చులతో వేసేది. పెడనలో ఈ పని ఎక్కువ. తీగలు, పూలు, ఆకుల నమూనాలు ఉంటాయి కాబట్టి తెరలకు, దిండు గలీబులకు బాగుంటుంది.

కరుప్పూరు కలంకారీ: తమిళనాడు తెలుగువారు తప్పక తెలుసుకోవలసినది. తంజావూరు నాయక రాజుల కాలం నుంచి అక్కడ పాదుకున్న పని ఇది. గుళ్లలో, రథాల మీద వేలాడే గొట్టాల వంటి తొంబైలు, పై వితానాలు దీనితో చేస్తారు.

తంజావూరు పటాలు: చెక్క పలక మీద బట్ట అంటించి, సుద్ద పూతతో ఉబ్బెత్తు పని చేసి, బంగారు రేకు, రాళ్లు పొదుగుతారు. ఈ కళలో తెలుగు మాట్లాడే రాజు కుటుంబాల చిత్రకారుల చేయి ఉంది. అంటే తంజావూరు పటం పెట్టుకున్న మన ఇంట్లో ఉన్నది పొరుగువారి కళ మాత్రమే కాదు.

చేర్యాల నకాషీ: ఎర్రటి నేల మీద కథ చెప్పే పొడవాటి పటం. ఒకప్పుడు కులపురాణాలు పాడేవారు దీన్ని విప్పుతూ కథ చెప్పేవారు. సన్నగా పొడవుగా ఉండే గోడకు, నడవాకు బాగా నప్పుతుంది.

సవర చిత్రాలు: ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లోనూ, ఇటు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం వైపునా సవరలు ఉన్నారు. ఎర్రమట్టి గోడ మీద తెల్లని బియ్యప్పిండి గీతలతో వేసే ఈ బొమ్మలు బరంపురం, పర్లాకిమిడి తెలుగువారికి చిన్నప్పటి నుంచి చూసినవే.

బట్ట మీది పటాలను ఫ్రేము కట్టించేటప్పుడు జిగురుతో అట్టకు అంటించనివ్వకండి. కుట్టుతో నిలబెట్టమనండి. అద్దానికీ బట్టకూ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి, లేకపోతే తేమ చేరి బూజు పడుతుంది. నేరుగా ఎండ తగిలే గోడకు సహజ రంగుల పటం వద్దు, రెండు మూడేళ్లలో వెలిసిపోతుంది. అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వకపోతే పటాన్ని బల్ల మీద గోడకు ఆనించి పెట్టండి, లేదా కిటికీ పైనున్న తెర కడ్డీకి కర్ర వేసి కలంకారీని వేలాడదీయండి.

బొమ్మల అర

కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి చెక్క వాడతారు. దూదిలా తేలిక. విడివిడిగా చెక్కిన చేతులు, కాళ్లను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాడిచెట్టు ఎక్కే మనిషి అందరికీ తెలిసినవి. అందుకే వీటిని తడిగుడ్డతో తుడవకూడదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి.

ఏటికొప్పాక బొమ్మలు వరాహ నది ఒడ్డున, అనకాపల్లి జిల్లాలో తయారవుతాయి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క, సహజ రంగులు ఎక్కిస్తారు. సహజ రంగులతో ఈ పనికి కొత్త ఊపిరి పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటక మనవారికి ఒక మాట: మీకు దగ్గర్లోని చన్నపట్న బొమ్మలకు వాడే ఆలె మర, మన అంకుడు ఒకే చెట్టు. చెక్క ఒకటి, పద్ధతి దాదాపు ఒకటి. రెండు ఊళ్ల బొమ్మలను ఒకే అరలో పెట్టి పిల్లలకు ఆ సంగతి చెప్పండి. లక్క వేడికి కరుగుతుంది కాబట్టి ఈ అర పొయ్యికీ, ఎండకీ దూరంగా ఉండాలి.

కోస్తా నుంచి వచ్చిన ఇళ్లలో బొమ్మల కొలువు సంక్రాంతికి, తమిళనాడు, కర్ణాటకల్లో స్థిరపడ్డ చాలా ఇళ్లలో దసరాకు పెడతారు. ఏడాదిలో పది రోజులు తప్ప ఆ బొమ్మలు పెట్టెలోనే ఉంటాయి. ఏటా కొన్నింటిని వంతులవారీగా గాజు అరలో ఉంచితే ఇల్లూ మారుతుంది, బొమ్మలూ పిల్లలకు పరిచయం అవుతాయి.

చీరలు, దుప్పట్లు

పాత పట్టుచీరను కత్తిరించేముందు రెండుసార్లు ఆలోచించండి. చిరగనిది కట్టుకోవడానికే ఉంచండి. మడతల దగ్గర చీలిపోయినదాన్ని మాత్రమే కోయండి. సాధారణంగా చీర 5.5 మీటర్లు ఉంటుంది. ఏడడుగుల తలుపు తెరకు, మడతలు కలిపి 2.2 మీటర్లు కావాలి. ఒక చీర నుంచి రెండు తెరలు వచ్చి, 1.1 మీటర్ల ముక్క మిగులుతుంది. మిగిలేది కొంగువైపు ఉండేలా లెక్క చూసుకుంటే దాంతో దిండు గలీబులు కుట్టుకోవచ్చు. పట్టుకు లోపల నూలు గుడ్డ తప్పక వేయించాలి, లేకపోతే బరువుకు చిరుగుతుంది.

జరీ అంచు మాత్రమే బాగుంటే, దాన్ని నూలు తెర కింది అంచుకు కుట్టించండి. బరంపురం పట్టులో కనిపించే కోట అంచు దీనికి చాలా బాగుంటుంది. మంచం మీదికి సోలాపూర్ దుప్పటి ఉండనే ఉంది. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు మగ్గాలు పెట్టి పేరు తెచ్చిన సరుకు అది. మహారాష్ట్ర మనవారికి సోలాపూర్ దుప్పటి కన్నా దగ్గరి అలంకరణ వేరే అక్కర్లేదు. పోచంపల్లి ఇక్కత్ బట్టను భోజనాల బల్ల మీద పొడవాటి పట్టీగా వేస్తే మిగతా బల్ల సాదాగా ఉన్నా ఫరవాలేదు.

రంగులు, వెలుగు

ఇన్ని వస్తువులు ఒకే చోట చేరిస్తే ఇల్లు ప్రదర్శనశాలలా తయారవుతుంది. దానికి విరుగుడు రంగుల లెక్క. గదిలో సుమారు అరవై శాతం ఒక నిదానమైన రంగు, ముప్ఫై శాతం రెండో రంగు, పది శాతం మెరిసే రంగు ఉండాలి. మన పాత ఇళ్లు ఈ లెక్కను ఎప్పుడో పాటించాయి. సున్నపు తెలుపు గోడలు, చెక్క గోధుమరంగు, గడప మీది పసుపు, కుంకుమ. అదే వరుస కొత్త ఇంట్లోనూ పెట్టుకోవచ్చు. ఒక గోడకు జాజు రంగు వేసి మిగతా మూడు తెల్లగా ఉంచితే కలంకారీ, ఇత్తడి రెండూ దాని ముందు వెలుగుతాయి.

నేలకు అవకాశం ఉంటే ఆత్తంగుడి పలకలు చూడండి. చెట్టినాడులో గాజు పలక మీద రంగు సిమెంటు పోసి చేత్తో చేసి, నీళ్లలో నానబెట్టేవి. ఇల్లంతా అక్కర్లేదు, పూజగది నేలకు చాలు.

దీపాలకు పసుపు ఛాయ ఉన్న 2700 నుంచి 3000 కెల్విన్ బల్బులు వాడండి. తెల్లటి ట్యూబులైటు కింద ఇత్తడి పాలిపోయినట్టు ఉంటుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు అదే తోలుతో దీపపు గూళ్లు చేస్తున్నారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. ఆ తోలు గూడులో వేడెక్కని ఎల్ఈడీ బల్బు మాత్రమే పెట్టాలి. వానాకాలం తేమకు తోలు వంకర పోతుంది కాబట్టి బాల్కనీలో వేలాడదీయకూడదు.

గడప దగ్గర

ఫ్లాటు అయినా గడప ఉంటుంది. మామిడాకుల తోరణం, పసుపు, ముగ్గు మనల్ని గుర్తుపట్టేలా చేస్తాయి. ఇన్నేళ్లుగా పక్కింటివారితో కలిసి బతికిన గుర్తులు కూడా అక్కడే ఉన్నాయి. తమిళనాడులో మనవారి ముగ్గుకు మార్గళి నెల కోలం కలిసింది. ఒడిశాలో మార్గశిర గురువారాల నాటి ఝోటి, లక్ష్మి పాదాలు మన వాకిళ్లలోకి వచ్చాయి. వీటిలో ఏది మనది, ఏది కాదు అని విడదీయాల్సిన పని లేదు. తలుపు ముందు ముగ్గు వేయనివ్వని అపార్టుమెంటులో చెక్క పలక మీద తెల్ల రంగుతో చుక్కల ముగ్గు వేసి వాకిట్లో పెట్టవచ్చు. పండుగకు పలక మార్చుకోవచ్చు.

అక్షరమే అలంకరణ

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేదీ, మనకు ఎక్కువ అవసరమైనదీ ఇది. ఇంటి పేరుపలక మీద స్థానిక భాషతో పాటు తెలుగులోనూ పేరు రాయించండి. తాతగారి కార్డు, అమ్మమ్మ రాసుకున్న వంటల చీటీ, పాత శుభలేఖ ఉంటే వాటికి మంచి నకలు తీయించి ఫ్రేము కట్టించండి. అసలును వెలుతురు తగలని చోట భద్రం చేయండి. పాత సిరా వెలుగుకు వెలిసిపోతుంది. పిల్లల గదిలో అక్షరమాల అంటించడం కన్నా ఇంట్లోవారి పేర్లు పెద్ద అక్షరాలతో రాసి పెట్టడం మేలు. రోజూ కళ్లబడే పేరు వాళ్లకు ముందు అలవాటవుతుంది.

కొనేటప్పుడు

అచ్చు యంత్రంతో వేసిన బట్టను చేతి కలంకారీ పేరుతో అమ్మడం మామూలే. చేత్తో గీసినదానిలో గీత మందం ఒకేలా ఉండదు, రెండు పువ్వులు అచ్చంగా ఒకేలా ఉండవు, వెనకవైపుకూ రంగు దిగి ఉంటుంది. భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకు ఆ ముద్ర అడగండి. ప్రభుత్వ హస్తకళా దుకాణాలు ఆంధ్రప్రదేశ్‌కు లేపాక్షి, తెలంగాణకు గోల్కొండ, తమిళనాడుకు పూంపుహార్, కర్ణాటకకు కావేరి, ఒడిశాకు ఉత్కళిక ఉన్నాయి. ఊరికి వెళ్లినప్పుడు కళాకారుల దగ్గరే కొంటే వారి పేరు, ఏ ఏడాది చేసిందీ వెనక రాయించుకోండి.

అన్నీ ఒకేసారి చేయనక్కర్లేదు. ఒక ఆదివారం అటక దింపండి. రెండో ఆదివారం ఒక్క గోడ, మూడో ఆదివారం ఒక్క అర. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ మొదటి ఆదివారం వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ పాత్ర ఎవరిదో చెప్పగలిగేది వాళ్లే.

మా బిందె ఇప్పుడు తలుపు పక్కన ఉంది. అందులో మనీప్లాంటు పెరుగుతోంది. పెన్సిల్‌తో రుద్దిన కాగితం పైన గోడకు ఉంది. ముత్తవ్వ పేరులోని నాలుగు అక్షరాలూ మా చిన్నది ఇప్పుడు చదువుతుంది. ఊరి పేరులోని వత్తు దగ్గర మాత్రం ఇంకా ఆగుతోంది.